అమదిండాకు ఎదుటి మనిషి

నతెటె పేట సందులో ఫోన్లు బాగుచేసే కొట్టు నబ్బోసాది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. మిగిలిన తీరికంతా కంప్యూటరు ముందే. స్నేహితుడు సెబగ్గల ఇద్దరు కలిసి ఆడే వీడియో గేమ్ ఒకటి తయారుచేస్తూ, దానికి సంగీతం కట్టమని ఆమె వెంటపడ్డాడు. ఒకే పడవ, ఇద్దరు జాలర్లు, చుట్టూ సరస్సు. అది చూడగానే నబ్బోసాకు తట్టింది ఒక్కటే పాట, ఎంపిగి ఊళ్లో ఉండే తాత కగ్వా అమదిండా అనే చెక్కపలకల వాద్యం మీద వాయించే పాట.

తాతేమో ఒట్టి మొండిఘటం. అరటి బోదెల మీద చెక్క పలకలు పరిచి, ఇటు తాను, అటు చిన్ననాటి నేస్తం లుక్వాగో కూర్చుని వాయించేవాళ్లు. లుక్వాగో పోయాక పలకలన్నీ కట్టగట్టి మంచం కిందికి తోసేశాడు. మనవరాలు మోకాళ్ల మీద కూర్చుని అడిగితే, ఒక్కో పలకా కొట్టి శబ్దం రికార్డు చేసుకోనిచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"పాట తయారయ్యాక ముందు నా చెవిన వెయ్యి. నేను వద్దన్నానంటే ఆ ఆటలో పెట్టకూడదు. అది లుక్వాగో పాట కూడానే, నా ఒక్కడిదే కాదు."

ఇక సాఫ్ట్‌వేర్ వేట మొదలైంది. సెబగ్గల తెచ్చిచ్చినదాని ఆర్భాటం చూడాలి! తెర నిండా మీటలు, లోపల పెద్ద పెద్ద వాద్యబృందాలు. తీరా తాత పలకల శబ్దం అందులో వేస్తే, శ్రుతి తప్పిందనుకుని దిద్దిపారేసింది. పియానో మెట్లలో ఇమడని స్వరం దాని దృష్టిలో తప్పే మరి. ఎవడు దిద్దమన్నాడు దాన్ని? నబ్బోసాకు ఒళ్లు మండింది.

"మా స్కూలు టీచరమ్మే నయం. దిద్దే ముందు తిట్టేదన్నా తిట్టేది," అంది.

"ఆ దిద్దుడు ఆపే మీట ఎక్కడో ఉంటుందిలే, వెతుక్కో," అన్నాడు సెబగ్గల చపాతీ నములుతూ.

"నువ్వే వెతుకు. దొరికేసరికి నీ పడవ మునిగిపోతుంది."

చివరికి ఉచితంగా దొరికే పాతకాలపు సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకుంది. చూడ్డానికి ఉత్త గళ్ల కాగితమే. అయితేనేం, ఇచ్చిన శబ్దాన్ని ఇచ్చినట్టు ఉంచుతుంది. దెబ్బలన్నీ వరసగా గళ్లలో పేర్చి, పాట కట్టేసి, సంబరంగా ఎంపిగి వెళ్లింది.

తాత కళ్లు మూసుకుని విన్నాడు. శబ్దం తన పలకలదే. మొహంలో మాత్రం కదలిక లేదు.

"ఎవరు వాయిస్తున్నారే ఇది?"

"ఎవరూ కాదు తాతా, నేనే పేర్చాను."

"అదే అంటున్నా. ఒకడే అటూ ఇటూ పరిగెత్తి కొడుతున్నట్టుంది. ఎదురుగా మనిషేడీ? వద్దు, తీసుకుపో."

తిరుగు వ్యానులో ఆమెకు ఏడుపొచ్చింది. ముసలాడి చాదస్తమని తిట్టుకుంది. కానీ తిట్టుకుంటుంటేనే చిన్నప్పుడు చూసింది కళ్లముందు కదిలింది. ఒకరి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో ఇంకొకరి దెబ్బ పడేది. ఎవరికి వారికి తమ దెబ్బే అసలు తాళం. తానేమో ఇద్దరినీ కలిపి ఒకే వరసలో కుక్కేసింది. ఆ రెండు జతల చేతుల్నీ చూస్తూ పెరిగినదానికి ఎంత బుద్ధితక్కువ!

మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తాత దెబ్బలు వేరుగా, లుక్వాగో దెబ్బలు వేరుగా కట్టింది. ఆ రెంటినీ ఆట నడకను బట్టి విడివిడిగా వినిపించగల ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చింది. పడవలో ఒక్కడే ఉంటే సగం పాట. రెండోవాడు ఎక్కితేనే రెండో సగం.

"ఒంటరిగా ఆడేవాళ్లు పాట పాడైందనుకుంటారే!" అని సెబగ్గల లబోదిబోమన్నాడు.

"అనుకోనీ. తోడు పిలుచుకుంటారు."

ఎంపిగిలో తాత చాప మీద కంప్యూటరు తెరిచింది. పడవలో ఒక్క జాలరే ఉన్నాడు. లుక్వాగో సగం మొదలైంది. దెబ్బ, ఖాళీ, దెబ్బ, ఖాళీ. తాత కళ్లు మూసుకోలేదు. తెరకేసి కాదు, తన ఎదుట ఖాళీగా ఉన్న చోటుకేసి చూస్తున్నాడు. రెండో జాలరిని ఎక్కించబోయి నబ్బోసా మీట మీద వేలు పెట్టింది.

"ఆగవే! నువ్వు చెయ్యి పెట్టకు."

అప్పటికే తాత వేళ్లు మోకాలి మీద ఖాళీలు పూరిస్తున్నాయి. పాట తిరిగి తిరిగి మొదటికొస్తూనే ఉంది. రెండోవాడు ఎక్కేదాకా అలాగే తిరుగుతుంది.

"ఇంకా చూస్తావేం? పెరట్లో అరటి బోదెలు నరుక్కురా," అంటూ తాత మంచం కిందికి వంగి పలకల కట్ట పట్టుకు లాగాడు. "త్వరగా కానీ తల్లీ. వాడు అప్పుడే మొదలుపెట్టేశాడు."