మా వారి ఫిజిక్సు, నిలబడని స్విచ్చు

మా వారు ముప్పై ఏళ్లు బందరులో పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో మాత్రం బల్బు మార్చాలంటే నేనే స్టూలెక్కుతాను. ఆయన కింద నిలబడి సవ్యదిశ, అపసవ్యదిశ చెబుతారు.

మొన్న వేసవిలో ఓ రోజు పదకొండింటికి ఇంట్లో అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వీధిలో అందరికీ కరెంటు ఉంది. వెళ్లి చూస్తే మా మెయిన్ స్విచ్చు ట్రిప్పయి ఉంది. పైకి లేపాను. టప్పున పడింది. మళ్లీ లేపినా అంతే. మా వారు చదువుకునే గదిలోంచి వచ్చి, నన్ను పక్కకి జరగమని, తెల్ల కాగితం తెమ్మన్నారు. ఇంటి వైరింగంతా బొమ్మ గీశారు. బొమ్మ చాలా బాగా కుదిరింది. ఉక్కపోత అలాగే ఉంది.

ఆ సమయానికి, వారానికోసారి చేపలు తెచ్చే ఆవిడ గుమ్మంలో తట్ట దించింది. సంగతి చెప్పాను. వాళ్లింట్లో చేపలు దాచే ఫ్రీజరుతో తరచూ ఇదే బాధట. చేతులు తడిగా ఉన్నాయని లోపలికి రాకుండా, వాకిట్లోంచే ముందు ప్లగ్గులన్నీ పీకేయమంది. పీకేసి స్విచ్చు లేపితే నిలబడింది. ఇక ఒక్కొక్కటే పెట్టుకుంటూ రమ్మంది. ఫ్రిజ్ పెట్టాను, టీవీ పెట్టాను, ఏమీ కాలేదు. ఇది శాస్త్రీయ పద్ధతేనని మా వారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

చివరికి ఆయన గదిలో టేబుల్ ఫ్యాను పెట్టగానే టప్పుమంది.

వారం క్రితం దాని వైరు తెగితే బాగుచేసింది ఆయనే. ప్లగ్గు పీకి, ఫ్యాను గుమ్మం దగ్గరికి తెచ్చి చూశాం. అతుకు మీద ఇన్సులేషన్ టేపు లేదు, దెబ్బలకి వేసే గుడ్డ ప్లాస్టరుంది. బందరు ఉక్కకి అది కాస్తా ఊడిపోయి, లోపల తీగలు రెండూ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి.

ఆవిడ వంగి ఆ ప్లాస్టరు చూసింది. "మేష్టారండీ, మా ఆయన మీ దగ్గరే చదివాడండి. అందుకే మా ఇంట్లో కరెంటు పనులు నేను చూసుకుంటానండి" అంది.

మా వారు నవ్వలేదు. ఏ సంవత్సరం బ్యాచని మాత్రం అడిగారు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త వైరు వేస్తుంటే, మా వారు పక్కనే కుర్చీ వేసుకుని ఒక్క సలహా కూడా ఇవ్వకుండా కూర్చున్నారు. ఇన్నేళ్ల కాపురంలో అలా ఎప్పుడూ చూడలేదు. నాకే జాలేసి, టీ ఇస్తూ, ఫ్యూజుకీ ఈ స్విచ్చుకీ తేడా ఏమిటని అడిగాను. చీకటి పడేదాకా చెప్పారు.