అవ్వ తవ్విన దొరువు

కోడలు ఎండు నెత్తళ్లు వేయిస్తుంటే ఆ వాసనకు నా చిన్ననాటి ఎండాకాలాలు ముక్కుదాకా వస్తాయి. ఇసుక మీద ఆరే చేపలు, చింతచిగురు పులుసు, తాటిముంజెలు, వాటన్నిటి మీదా తీరని దప్పిక.

మైపాడు పక్కన, సముద్రం ఒడ్డునున్న మా పల్లెలో బావి నీళ్లన్నీ ఉప్పే. ఆడవాళ్లు కాలే ఇసుకలో కాళ్లకు తాటాకులు చుట్టుకుని, కడవ మీద కడవ పెట్టుకుని రైతుల చెరువుకు పోయేవాళ్లు. ఆ రైతులు పొమ్మంటే వట్టి కడవలతో తిరిగొచ్చేవాళ్లు. ఒక ఏడు మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, గంగమ్మ కలలో కనబడి, తుంగ పచ్చగా ఉన్న దిబ్బ పక్కన దొరువు తవ్వమని, నడుము లోతున ఆగమని చెప్పింది. దొరువంటే ఇసుకలో తీపినీటి గుంట. అడుగున ఉప్పునీరు, దాని మీద వాననీరు తేలుతుంటుంది. లోతు మించితే ఉప్పు పైకొస్తుంది.

అవ్వ పార పట్టింది. నేనూ నా ఈడు ఆడపిల్లలూ గవ్వలాట మానేసి తాటాకు బుట్టలతో ఇసుక మోశాం. ఊరి పెద్ద గట్టున నిలబడి నవ్వాడు.

"ఏం పెద్దమ్మా, నడుము లోతు గుంటలో గంగమ్మ కాళ్లు కడుక్కుంటాదా? ముండమోసినదాని చేతికి నీళ్లు పడతాయా యాడన్నా?"

పెద్దయ్యి మొగుడు పోయాక ఆ మాట నేనూ పడ్డాను, అది ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. అవ్వకు రోషమొచ్చి నడుము లోతు దాటి ఇంకో మూర తవ్వింది. ఊరిన నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఉప్పు. గట్టు మీద ఈలలు.

"తల్లి చెప్పిన కాడ ఆగకుండా వాడి మాటకి తవ్వినానే" అని నాతో అని, ఆ గుంట పూడ్చి, దిబ్బ పక్కనే ఇంకోచోట మళ్లీ మొదలుపెట్టింది. అప్పటినుంచి ఊళ్లో ఎవరి వలలో చేప పడకపోయినా నింద ఆమెదే. మా పొయ్యికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదన్నారు. ఒక పొద్దున చూస్తే గుంట నిండా చేపపేగులు. వాటిని ఎత్తి దూరంగా పాతి, పసుపునీళ్లు చల్లి, మళ్లీ పార పట్టింది. పంచాయతీకి రమ్మని ఊరి పెద్దలు మనిషిని పంపారు.

"పనిలో ఉండా, రాను. మాట్లాడాల్సుంటే వాళ్లనే రమ్మను అబ్బయ్యా. వచ్చేటప్పుడు తలా ఒక గంప తెచ్చుకోమను."

ఒక్కడూ రాలేదు. ఈసారి ఆమె నడుము లోతున ఆగింది. నీళ్లు నెమ్మదిగా ఊరాయి, కొబ్బరినీళ్లంత తీపి. గంగమ్మకు పొంగలి పెట్టి, మొదటి ముంత ఎవరికిచ్చిందనుకున్నారు? ఆ ఊరి పెద్దకే! నేను మండిపడితే "నీళ్లు నావి కాదు గదా మే, లేదనేదానికి" అంది. నాకు ఆ మంచితనం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఈనాడు ఆ దొరువు లేదు. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి ఉప్పెక్కితే పూడ్చేశారు. అప్పట్లో ఊరివాళ్లు దాని పక్కన పాతిన రాయి మాత్రం ఉంది. నాకు చదువు రాదు, మొన్న నా మనవరాలు దాని మీది అక్షరాలు చదివి వినిపించింది. తవ్వించింది ఆ ఊరి పెద్దంట! ఒక్క బుట్ట ఇసుక ఎత్తని మనిషి! మా అవ్వ పేరు పోలమ్మ. మీరు రాసుకునే కాగితంలోనైనా ఆ పేరు సరిగ్గా రాయండి.