ఇట్టి పాప్పన్ ఒక్క ఫోటో

మా ఇట్టి పాప్పన్ క్రిస్మస్‌కి ఒకే ఒక్క ఫోటో తీసేవాడు. రెండోది తీయమని కాళ్లావేళ్లా పడినా వినేవాడు కాదు. పాప్పన్ అంటే నాన్న తమ్ముడు. కేరళలో మా కుట్టనాడు వైపు చిన్నాన్నని అలాగే పిలుస్తాం.

ఆయన ముప్పై ఏళ్లు కాలవల్లో లాంచీ నడిపే సరంగుగా చేశాడు. రేవులో ఆఖరి మనిషి ఎక్కేదాకా తాడు విప్పనిచ్చేవాడు కాదట. గట్టు మీద ఎవరో గొడుగు మర్చిపోయి వెనక్కి పరుగెడితే, లాంచీలో ఆఫీసులకెళ్లేవాళ్లంతా గడియారాలు చూసుకుంటూ తిట్టుకుంటుంటే, ఈయన తీరిగ్గా బీడీ వెలిగించేవాడట. పండగ రోజున ఆ తిట్టుకోవడం మా వంతు.

చర్చి నుంచి రాగానే పెద్దనాన్న ఇంటి ముందు, కాలవ మెట్ల మీద మమ్మల్నందర్నీ నిలబెట్టేవాడు. పద్నాలుగు మందిమి. ఒంటి మీద కొత్త బట్టలు, నెత్తిన ఎండ, లోపల్నుంచి బాతు కూర వాసన.

"అందరూ వచ్చారా?"

"వచ్చాం పాప్పన్. నొక్కెయ్."

"వంటింట్లో ఎవరున్నారు?"

"పెద్దమ్మ. రానంటోంది."

"అయితే ఆగుదాం."

లోపల్నుంచి ఏలియామ్మ పెద్దమ్మ కేకేసేది. "నన్నొదిలేసి తీసుకో ఇట్టీ. ఒళ్లంతా మసాలా కంపు."

"ఫోటోకి వాసనుండదు వదినా. నువ్వు తాపీగానే రా."

పెద్దమ్మ తాపీగానే వచ్చేది. కూర దించి, మొహం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చేసరికి అరగంట. ఈలోగా చంటిపిల్లలు ఏడ్చి నిద్రపోయేవాళ్లు. నాన్నా, పెద్దనాన్నా పాత పొలం తగాదా మొదలుపెట్టి, పోట్లాడుకుని, రాజీ కూడా పడిపోయేవాళ్లు.

పెద్దమ్మకి ఒక్కడే కొడుకు, టోబిన్. వాడికి పాప్పన్‌ని ఏడిపించడం సరదా.

"నువ్వొక్కటి తీసేలోగా మేం రెండొందల సెల్ఫీలు తీసుకున్నాం పాప్పన్."

"అన్నింట్లోనూ నువ్వే కదరా ఉన్నావు. పద, మీ అమ్మ పక్కకి జరుగు."

నొక్కేవాడు. అంతే. కెమెరా సంచిలోకి వెళ్లిపోయేది.

"అయ్యో, నేను తుమ్మాను" అని అమ్మ మొత్తుకునేది.

"వచ్చే ఏడు తుమ్మకు వదినా" అనేవాడు.

ఒక ఏడాది ఆగస్టులో టోబిన్ పోయాడు. చంగనాశేరి రోడ్డు మీద వానలో బైకు జారింది. ఇరవై ఆరేళ్లు.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నేనూ వాడూ కలిసున్న ఫోటో ఒకటి పెద్దది చేయించి ఇవ్వవే."

అదెంత పని అనుకున్నాను. ఇంట్లో ఫోన్లన్నీ వెతికాం. వేల ఫోటోలు. టోబిన్ కేకు కోస్తున్నాడు, టోబిన్ కాలవలో దూకుతున్నాడు, టోబిన్ నాలుక బయటపెట్టి నవ్వుతున్నాడు. పెద్దమ్మ ఎక్కడా లేదు. ఒకదాంట్లో గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించింది. వాడి చిన్నప్పటి ఆల్బం వరదలో నాని ముద్దయిపోయింది. ఆమెకి ఏం చెప్పాలో తెలియక పాప్పన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించాడు. ఇరవై రెండు క్రిస్మస్‌లు, ఇరవై రెండు ఫోటోలు. మొదటిదాంట్లో టోబిన్ పెద్దమ్మ కొంగు పట్టుకుని ఉన్నాడు. తర్వాత ఆమె నడుం దాకా, భుజం దాకా ఎదిగాడు. చివరిదాంట్లో ఆమె తలే వాడి చొక్కా జేబు దగ్గరుంది. ఒక్కదాంట్లోనూ వాళ్లిద్దరి మధ్య మరో మనిషి లేడు.

"కావాలనే చేశావా పాప్పన్?"

ఆయన డబ్బా మూత తుడుస్తూ కూర్చున్నాడు.

"వదిన పండగంతా పొయ్యి దగ్గరే ఉండేది. ఊరికే రమ్మంటే వస్తుందా? ఒక్కటే ఫోటో అంటే అందరూ ఆగుతారు. ఇంతమంది ఎండలో ఆగితే మొహమాటానికైనా వస్తుంది. ఆ కాసేపు కొడుకు పక్కన నిలబడుతుంది." మూత పక్కన పెట్టాడు. "వీటితో ఇలా పని పడుతుందని మాత్రం అనుకోలేదే అమ్మా."

పెద్దమ్మ వాటిని మంచం మీద పరిచి రోజంతా చూసుకుంది. పెద్దది చేయించడానికి ఏదీ ఎంచుకోలేకపోయింది. అన్నీ కళ్లకద్దుకుని దిండు కింద పెట్టుకుంది.

క్రిస్మస్ వచ్చింది. గుమ్మానికి నక్షత్రం కట్టలేదు, కేకు తేలేదు. చర్చి నుంచి వచ్చి మెట్ల మీద ఊరికే కూర్చున్నాం. పాప్పన్ కెమెరా తెచ్చాడు.

"ఈ ఏడు వద్దురా ఇట్టీ" అన్నాడు నాన్న.

పాప్పన్ తలూపాడు గానీ కెమెరా సంచిలో పెట్టలేదు. వంటింటి వైపు చూస్తూ "కాసేపు చూద్దాం" అన్నాడు.

చాలాసేపు చూశాం. చివరికి పెద్దమ్మ మొహం కడుక్కుని వచ్చింది. వచ్చి ఎప్పుడూ నిలబడే మెట్టు మీదే నిలబడింది. ఆమె పక్కన ఎవరు నిలబడాలో తెలియక మేమంతా తటపటాయించాం. పెద్దనాన్న జరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పాప్పన్ నొక్కాడు.

కెమెరా తెర చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "కళ్లు మూశావు వదినా. ఇంకోటి తీయాలి."

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ నోట్లోంచి ఇంకోటి అనే మాట ఎవరం ఎప్పుడూ వినలేదు.

రెండోదాంట్లో నాన్న మూశాడట. మూడోదాంట్లో మళ్లీ పెద్దమ్మేనట. ఐదోదానికి ఆమెకి విసుగొచ్చింది.

"నీ కళ్లే మూసుకుపోయాయేమో చూసుకో ఇట్టీ."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆగస్టు తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. పెద్దమ్మ పెదవులు కూడా కాస్త కదిలాయి. పాప్పన్ మొత్తం తొమ్మిది తీశాడు. లోపల చేపల కూర మాడింది. ఎవరూ కదల్లేదు.

సాయంత్రం కెమెరా తీసుకుని చూశాను. మొదటి ఫోటోలో పెద్దమ్మ కళ్లు శుభ్రంగా తెరుచుకునే ఉన్నాయి. రెండోదాంట్లో నాన్నవీ అంతే.

"పాప్పన్, ఎవరూ కళ్లు మూయలేదు కదా."

"అవునా" అన్నాడాయన కళ్లజోడు సవరించుకుంటూ. "ఎండకి నాకు సరిగ్గా ఆనలేదులే."