నా కోసం పోట్లాడిన మనిషి

అన్నయ్యగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేటప్పటికి నేను షాపులో ఒకాయనకి బొంబాయి టికెట్ బుక్ చేస్తున్నాను. "ఆంటీ, డాడీ పోయాడు. నిద్రలోనే. హార్ట్ ఎటాక్ అంటున్నారు" అంది. ఆ పిల్ల ఇక్కడ అమెరికాలోనే పుట్టింది. తెలుగు తనకి తోచినట్టు మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఏడుస్తూనే, "ఫ్యూనరల్‌లో నువ్వు మాట్లాడాలి ఆంటీ. డాడీ నీ కోసం ఫైట్ చేసిన స్టోరీ చెప్పాలి. అది డాడీ ఫేవరెట్" అంది. తప్పకుండా చెప్తానమ్మా అన్నాను. అప్పటికి మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మేము ఎడిసన్ వచ్చిన కొత్తలో అక్కడున్న తెలుగువాళ్ళందరూ ఒక్క ఇంట్లో భోజనానికి సరిపోయేవాళ్ళు. ఆ ఇల్లు ఎప్పుడూ ఆయనదే. ఇన్సూరెన్స్ అమ్మేవారు. మొదటిసారి కలిసినప్పుడు నన్ను "చెల్లెమ్మా" అన్నారు, అంతే, అది నిలిచిపోయింది. పేరు రాయడం లేదు. ఎరిగినవాళ్ళు పోల్చుకుంటే పోల్చుకోనీ.

డెబ్భైల చివర్లో నేను ట్రావెల్ ఏజెన్సీ పెట్టాను. లాండ్రీ పక్కన ఇరుకు గది, ఒక ఫోను, గోడల నిండా విమానాల పోస్టర్లు. వేసవి సెలవులకి మనవాళ్ళు ఇండియా వెళ్తారు కాబట్టి మొదటి నాలుగు నెలలూ ఊపిరి సలపలేదు. తర్వాత బడులు తెరిచారు, ఫోను మూగబోయింది. "లీజు అయ్యేదాకా చూద్దాం, తర్వాత నీ ఇష్టం" అన్నారు మా ఆయన. నా ఇష్టమంటే మూసేయడమని ఇద్దరికీ తెలుసు.

అన్నయ్యగారు ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడి షాపంతా కలయజూశారు. "ఏంటమ్మా ఇది? గుడి తలుపులు తీసి, దర్శనానికి ఎవరొస్తారా అని కూర్చున్నట్టు కూర్చున్నావు. ఈ దేశంలో దేవుడే వీధిలోకి వెళ్ళాలి" అన్నారు. ఆ ఆదివారం నుంచే పాఠాలు మొదలయ్యాయి.

పాఠాలు వాళ్ళ హాల్లోనే. ఆయన బయటికి వెళ్ళి బెల్ కొట్టేవారు. నేను తలుపు తీస్తే ఒకసారి బ్యాంకు మేనేజరు, ఇంకోసారి పళ్ళ డాక్టరు, మరోసారి పైపులు బాగుచేసే మనిషి. నేను చెయ్యి చాపితే, "హారతి కళ్ళకద్దుకున్నట్టు వేళ్ళ కొసలు తగిలిస్తావేంటి? పట్టుకో!" అని కసిరేవారు. కాఫీ కప్పు ఎడమచేతిలోనే ఉండాలి, కుడిచెయ్యి పొడిగా ఉంటేనే ఎదుటివాళ్ళకి ఇవ్వగలం. మనవాళ్ళ పక్కన కూర్చోకూడదు. నా షాపు సంగతి చెప్పేముందు ఎదుటివాళ్ళ వ్యాపారం ఎలా ఉందో అడగాలి, అడిగాక వినాలి. పరిచయమైన మర్నాడో, ఆ మర్నాడో తప్పకుండా ఫోన్ చేయాలి. "అమ్మడానికి వెళ్ళకు చెల్లెమ్మా, తెలుసుకోవడానికి వెళ్ళు" అనేవారు. వదినగారు వంటింట్లోంచి తొంగిచూసి, "ఆ బ్యాంకాయన నడక కూడా దింపేశారే!" అని పడీపడీ నవ్వేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ నవ్వు కోసమే ఆయన ఇంకోసారి బయటికెళ్ళి బెల్ కొట్టేవారని నాకనిపించేది.

ఇదంతా దేనికంటే, మా ఊళ్ళో చిన్న వ్యాపారస్థుల క్లబ్బు ఒకటుండేది. ప్రతి బుధవారం పొద్దున్నే ఒక డైనర్‌లో కలిసి టిఫిన్ తింటారు, ఒకరికొకరు కస్టమర్లని పంపుకుంటారు. ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడు. లాయరు ఒక్కడే, ప్లంబరు ఒక్కడే, ఇన్సూరెన్స్‌కి అన్నయ్యగారొక్కరే. ట్రావెల్ ఏజెంటు కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుంటే అంతమంది ఆఫీసుల ప్రయాణాలూ నావే, బడులు తెరిచినా నా ఫోను మోగుతుంది. అయితే సభ్యుల్లో ఎవరో ఒకరు పేరు ప్రతిపాదించాలి. "ఆ కుర్చీ నీదే అనుకో" అన్నారాయన.

ఒకసారి అతిథిగా తీసుకెళ్ళారు. జరీ అంచు నీలం చీర కట్టుకున్నాను. చేతులు గట్టిగానే పట్టుకున్నాను. తెల్లజుట్టు బ్యాంకాయన నా పక్కన కూర్చుని, వాళ్ళావిడని ఫ్లోరిడా తీసుకెళ్ళాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానని చెప్పాడు. మర్నాడు అందరికీ ఫోన్ చేశాను. ఒక్కరూ విసుక్కోలేదు.

ఆ తర్వాతి బుధవారమే ఓటు. ఓటప్పుడు నేను అక్కడ ఉండకూడదన్నారు అన్నయ్యగారు. షాపు తెరిచి, ఫోను పక్కనుంచి కదలకుండా కూర్చున్నాను. అన్నయ్యగారు ఫోన్ చేయలేదు, తనే వచ్చారు. కోటు కూడా విప్పలేదు.

"అవలేదమ్మా. చీర కట్టుకునే మనిషి మాకొద్దన్నారు. నీ కోసం చాలా పోట్లాడాను. వీళ్ళ బుద్ధులే అంత."

ఆయన మొహం ఎంత వాడిపోయి ఉందంటే నేనే ఓదార్చాను. "మీరు బాధపడకండి అన్నయ్యగారూ" అని కాఫీ కలిపి ఇచ్చాను. తాగి వెళ్ళారు.

బ్యాంకాయనకి ఒక్క ఫోన్ కొడితే తెలిసిపోయేది. కొట్టలేదు. పెద్దాయన మన తరఫున మాట్లాడి వచ్చాక ఆయన వెనకాల మళ్ళీ వాకబు చేయడమంటే ఆయన్ని నమ్మలేదనేగా! మా ఇంట్లో నన్నలా పెంచలేదు. పరిచయమైన ప్రతివాళ్ళకీ ఫోన్ చేయమని నేర్పినాయన, ఆ ఒక్క ఫోను మాత్రం నేను చేయనని ధీమాగా ఉండి ఉంటారు. మనవాళ్ళ సంగతి మనవాడికి తెలియదూ!

కొన్నాళ్ళకి ఆ కుర్చీ ట్రావెల్స్ పెట్టి టూరిస్టు బస్సులు నడిపే ఒకతనికి వెళ్ళింది. ఆ బస్సులన్నిటి ఇన్సూరెన్సూ అన్నయ్యగారి దగ్గరికి వచ్చింది. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరే చేయిస్తారు కదా అనుకున్నాను.

షాపుకి చీర కట్టుకోవడం మానేశాను. ఆ డైనర్ గడప తొక్కలేదు. బ్యాంకాయన ఎదురొస్తుంటే అవతలి పక్కకి దాటేసేదాన్ని. ఆయన ఒకటి రెండుసార్లు చెయ్యెత్తాడు, చూడనట్టు నడిచాను. షాపు మాత్రం నిలబడింది. ఆస్పత్రి నర్సులు, చర్చివాళ్ళు, మన పెళ్ళిళ్ళ గుంపులు, ఒక్కొక్కళ్ళనీ అన్నయ్యగారు నేర్పిన పద్ధతిలోనే సంపాదించుకున్నాను. అందుకే పండక్కి మా ఇంట్లో ఏది వండినా మొదటి గిన్నె ఆయనింటికే వెళ్ళేది. నా కోసం అంతమందితో ఒక్కడే పోట్లాడిన మనిషి కదా.

ఫ్యూనరల్ హోమ్‌లో బ్యాంకాయన తనే నా దగ్గరికి వచ్చాడు. రిటైరయ్యాడట. నా చెయ్యి పట్టుకుని, "మీరు ట్రావెల్ ఏజెన్సీ ఆవిడ కదూ? ఆ బుధవారం మీకు కుర్చీ కూడా వేసి ఉంచాం. మీరు రానన్నారని చాలా నిరుత్సాహపడ్డాం" అన్నాడు.

"మీరేగా వద్దన్నారు?" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "వద్దనడమా? ఓటు దాకా రానేలేదే! మీ ఆయనకి ఇష్టం లేదని, ఇంట్లో కుదరదని, మీరు మనసు మార్చుకున్నారని ఈయనే చెప్పాడు. ఆ బస్సులతన్ని తీసుకొచ్చిందీ ఈయనే."

ఒళ్ళు మండిపోయింది. పెట్టెలో ఆయన పౌడరు పూసిన మొహంతో, టై కట్టుకుని, హాయిగా పడుకుని ఉన్నారు. కాలరు పట్టుకుని లేపాలనిపించింది. 'ఆ బస్సులు నాకు కావాలి చెల్లెమ్మా, నువ్వింకో దారి చూసుకో' అని ఉంటే ఏమయ్యేది? ఏడ్చేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడేదాన్ని కాదు, అయిపోయేది. కుర్చీ ఇవ్వకపోతే పోనీ. నన్ను ఆదరించిన మనుషుల్ని నా చేత ద్వేషింపజేశారు. నా చీర నాకే నామోషీ చేశారు. పైగా దానికి నాతో కాఫీ పెట్టించుకున్నారు.

అంతలో నా పేరు పిలిచారు. లేచి వెళ్ళి పాఠాల గురించి చెప్పాను, బెల్ గురించి చెప్పాను, వదినగారి నవ్వు గురించి చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన లేకపోతే నా షాపు లేదు, అదీ చెప్పాను. పోట్లాట జోలికి వెళ్ళకుండా వచ్చి కూర్చున్నాను.

పక్క గదిలో కాఫీలిస్తుంటే అమ్మాయి వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. "ఆంటీ, యు స్కిప్డ్ ఇట్. ఫైట్ స్టోరీ చెప్పలేదు."

"గుర్తు రాలేదమ్మా" అన్నాను.

"స్కూల్లో కిడ్స్ నన్ను టీజ్ చేస్తే డాడీ అదే చెప్పేవాడు. ఆంటీ కోసం నేను అందరితో ఫైట్ చేశా, నువ్వు కూడా భయపడకు అని. నేను భయపడలేదు తెలుసా? ఒక్కసారి కూడా." కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. నాకొక్కదానికే."

ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

"డాడీ అరిచాడా?" అంది.

"అరిచారు" అన్నాను. చూస్తూనే ఉంది, చాలనట్టు. "బల్ల మీద గుద్దారట కూడా."

"ఇలాగా?" పిడికిలి బిగించి, కప్పులు పెట్టిన టేబుల్ మీద మెల్లగా కొట్టింది.

"ఇంకా గట్టిగా" అన్నాను.

కొట్టింది. స్పూన్లు గలగలమన్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. ఆ పిల్లకి ఏడుపులోంచి నవ్వు వచ్చేసింది.

"ఇంకా గట్టిగానమ్మా" అన్నాను. "ఇంకా."