చల్లగా పలికిన పెట్టె

మా బావను వీధిలో అందరూ జ్వరం డాక్టరు అంటారు. ఆయన డాక్టరూ కాదు, ఆయన దగ్గరికి వచ్చేవి మనుషులూ కావు. ఆయన ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. బాగుచేసిన ప్రతిదాన్నీ కాసేపు పాడించి, దాని నెత్తిన అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. వేడి తగిలితే మొహం వెలిగిపోతుంది. "పాడుతోంది" అంటాడు. పాట మా అందరికీ అప్పటిదాకా వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఆయన చెయ్యి ఒప్పుకునేదాకా అది పాట కింద లెక్క కాదు.

ఆయన కొట్టు పక్కనే నా టైలరింగు షాపు. మధ్యలో గోడ నడుమెత్తు వరకే ఉంది. దాని మీదుగా మేమిద్దరం రోజూ వాదులాడుకుంటాం. కొట్టునిండా బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కలు, సోల్డరింగు పొగ. టీ గ్లాసు చల్లారకుండా పాడుతున్న ఆంప్లిఫయరు మీదే పెట్టుకుంటాడు. టీ చల్లారిపోతే ఆ ఆంప్లిఫయరుకు మార్కులు తగ్గిపోతాయి.

ఆయనకు అస్సలు గిట్టనిది క్లాస్ డి చిప్పు. గోరంత ఉంటుంది. ఇప్పుడొచ్చే చిన్న స్పీకర్లన్నింట్లోనూ అదే. బావ చేసే పెట్టెల్లో కరెంటు చాలా వరకు వేడి కిందే పోతుంది, మిగిలింది పాటవుతుంది. ఈ చిప్పు అలా కాదు. కరెంటును పూర్తిగా వేస్తుంది, పూర్తిగా ఆపుతుంది, క్షణంలో లక్షలసార్లు. ఆ ముక్కలన్నీ ఒక తీగచుట్టలోంచి వచ్చేసరికి కలిసిపోయి పాటవుతాయి. వేడి నామమాత్రం.

"మా కుట్టు మిషనూ అంతేగా బావా. సూది దిగుతుంది, లేస్తుంది, మధ్యలో ఆగదు. బయటికి మాత్రం గీత గీసినట్టు కనబడుతుంది కుట్టు" అన్నాను ఒకసారి.

"గుడ్డ వేరు, గొంతు వేరు. చల్లగా ఉండేది శవం బామ్మర్దీ. శవం పాడుతుందా?" అన్నాడు.

ఇక ఆయనతో నోరు పెట్టుకోవడం దండగ.

మా అక్క చిన్నపిల్లల టీచరు. దాని గొంతు సంగతి చెప్పాలంటే, అది ఇంట్లో కూర్చుని పిలిస్తే వీధి చివర నేను పలకాల్సి వచ్చేది. కిందటేడు గొంతుకు ఆపరేషనయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మిగిలింది గుసగుస. బావను పిలవాలంటే పళ్లెం మీద చెంచాతో కొట్టేది. ఆ చప్పుడు వినలేక నేను చాలా రోజులు వాళ్లింటికి పోవడం మానేశాను.

బడిలో హెడ్ మేడమ్ మంచావిడే. "సెలవులయ్యాక వచ్చెయ్యండి. వెనక బెంచీకి వినపడితే క్లాసు మీదే. వినపడకపోతే ఆఫీసులో కూర్చుందురుగాని" అంది. అక్కను ఆఫీసులో కూర్చోబెట్టడమంటే చేపను గట్టున కూర్చోబెట్టడమే. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. అంతకంటే గట్టిగా ఏడ్చే దారి దానికి లేదు.

"నేనుండగా నీకేంటి?" అన్నాడు బావ.

నడుముకు కట్టుకునే పెట్టె తనే చేశాడు. తన పద్ధతిలోనే, రెక్కలతో సహా. ఇటుకంత ఉంది. దానికి బెల్టూ సంచీ నేను కుట్టాను. చెంప దగ్గర మైకు పెట్టుకుని అక్క మాట్లాడితే, అబద్ధమెందుకు, నిండుగా ఉంది గొంతు. బావ పెట్టె మీద చెయ్యి ఆనించి "పాడుతోంది" అన్నాడు. మురిసిపోయాడు. బ్యాటరీ మధ్యాహ్నం దాకా కూడా రాదని తేలినా ఆ మురిపెం తగ్గలేదు. సెలవుల్లో అక్క అది కట్టుకుని గోడకే పాఠాలు చెప్పుకునేది.

కొన్నాళ్లకు బెల్టు వదులయిందని సంచీ నా దగ్గరికొచ్చింది. తిరగేసి చూశాను. లోపలి గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. ఆ రంగు నాకు కొత్తా? ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఉంచితే వచ్చే రంగు. అడుగున ఒక చేతిరుమాలు మడతలు మడతలుగా కుక్కి ఉంది.

"కాలుతోంటే చెప్పొద్దుటే?" అన్నాను అక్కతో.

నడుం మీద చెయ్యి కప్పుకుంది. "పెట్టె మీద చెయ్యేసినప్పుడు ఆయన మొహం చూశావుగా. ఎలా చెప్పనురా?" అని గుసగుసలాడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి సంచీని బావ బల్ల మీద పడేశాను. "నీ జ్వరం మా అక్కకు అంటుకుంది చూడు" అన్నాను. ఆయన సంచీలో చెయ్యి పెట్టి లోపలంతా తడుముకున్నాడు. ఎంత గొడవ పడదామని వెళ్లానో, ఆ మొహం చూసి అంతా మింగేశాను. టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. పాడుతున్న ఆంప్లిఫయరు కట్టేశాడు. తర్వాత బల్ల కింద పాత సామాను కుమ్మరించి, ఎవరిదో పగిలిన స్పీకర్లోంచి క్లాస్ డి బోర్డు ఒకటి పైకి తీశాడు.

మొదటిసారి పెట్టినప్పుడు గట్టిగానే పలికింది. కానీ వెనకాల ఒకటే బుస. అక్క గొంతేమో స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పేవాళ్ల గొంతులా ఉంది. అక్క మైకు తీసేసి "ఇది నేను కాదండీ" అంది.

అప్పుడు "చెప్పానా లేదా" అని ఎగరడానికి బావకు మంచి అవకాశం. ఎగరలేదు. బోర్డును దీపం కిందికి లాక్కుని కూర్చున్నాడు. పొడుగాటి వైర్లు కత్తిరించి పొట్టివి చేసి మెలిపెట్టాడు. మైకు వైరును చిప్పుకు దూరంగా జరిపాడు. పల్చటి తీగచుట్ట పీకేసి తన చేత్తో చుట్టింది వేశాడు, కరెంటు వచ్చేచోట మంచి కెపాసిటర్ పెట్టాడు. బుస పోయింది.

"చిప్పు తప్పేం లేదు బామ్మర్దీ. చవగ్గా దొరికింది కదా అని ఆ స్పీకర్లు చేసేవాళ్లు దీని చుట్టూ ఉన్నదాంట్లో కూడా కక్కుర్తి పడ్డారు. ఇన్నేళ్లూ ఆ కక్కుర్తిని విని దీన్ని తిట్టాను" అన్నాడు. మా బావ నోట ఇలాంటి మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

గొంతు కుదర్చడమే మిగిలింది. అక్క పాత గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. రోజూ వినే గొంతును ఎవరు దాచుకుంటారు? బావ జ్ఞాపకం ఒక్కటే ఆధారం. అక్క పిల్లల పేర్లు హాజరు పిలిచినట్టు పిలుస్తుంటే, ఆయన పెట్టెకున్న గొంతు సరిచేసే మర కాస్త తిప్పి వినేవాడు, మళ్లీ తిప్పేవాడు. చెయ్యి అలవాటుకొద్దీ పెట్టె మీదికి పోయేది. చల్లగా తగిలేసరికి వెనక్కొచ్చేది. పాపం, ఆ చెయ్యి ఏమీ చెప్పకపోయేసరికి ఆయనకు దిక్కు తోచలేదు.

"బాగుంది బావా" అనేవాణ్ని ప్రతిసారీ.

"నీకు ఏది పెట్టినా బాగుంటుంది. నోర్ముయ్."

బడి తెరిచే ముందురోజు కూడా అక్కావాళ్లింట్లో అదే తంతు. ఆయన మర వదిలేసి, "ఇంక నాకు తెలియట్లేదు. నీ గొంతు మర్చిపోయానేమో" అన్నాడు. ఆ మాటకు అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

అక్క దగ్గరే ఉంటున్న మా అమ్మ అప్పుడు పెరట్లో ఉతికిన బట్టలు తీస్తోంది. మేం లోపల ఏం చేస్తున్నామో ఆవిడకు పట్టలేదు. అక్క మొహం తుడుచుకుందామని చూసింది, తువ్వాలు లేదు. మైకు చెంపనే ఉంది.

"అమ్మా, నా ఎర్ర తువ్వాలు ఎక్కడ పెట్టావే?"

"తీగ మీదుంది, తెస్తున్నానుండు! నాకేమన్నా చెవుడా, ఎందుకే అలా అరుస్తావు?" అంది అమ్మ పెరట్లోంచి.

పెరట్లో బట్టల బుట్ట కింద పడిన చప్పుడయింది. అమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అక్క మొహం, బావ ముందున్న పెట్టె, మార్చి మార్చి చూసింది. అక్కను అరవొద్దని ఎవరైనా కసిరి ఏడాది దాటిపోయింది. నేను ఏడ్చాను. టైలర్లు ఏడవకూడదని ఎక్కడా లేదు.

మర్నాడు హెడ్ మేడమ్ వెనక గోడకు ఆనుకుని పాఠమంతా విన్నదట. వింటూ వింటూ బయటి వరండాలోకి వెళ్లి, తిరిగొచ్చి, "కాస్త తగ్గించండి, పక్క క్లాసులో పాఠం సాగట్లేదు" అందట. సాయంత్రం కొట్టులో అక్క ఈ సంగతంతా చేతులు తిప్పుతూ చెబుతోంది. పెట్టె పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది. బావ దాని మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. ఈసారి చెయ్యి తీయలేదు. కళ్లు మూసుకున్నాడు.

"పాడుతోంది" అన్నాడు.

"ముందు ఆ చెయ్యి తియ్యండి. నేనింకా చెప్పడం అవలేదు" అంది అక్క, వీధి చివరిదాకా వినపడేలా.