ఎండకు పెట్టిన జెల్ పాలిష్

చిక్కబడిన నెయిల్ పాలిష్ వాసన ఇప్పటికీ నాకు గిట్టదు. అప్పట్లో అశ్వారావుపేటలో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేసేదాన్ని. దాని యజమానురాలిని అక్కా అని పిలిచేదాన్ని. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. షాంపూ డబ్బాలో నీళ్ళు పోసి ఊపి, ఆ నురగ కూడా అయిపోతేగానీ పారెయ్యనిచ్చేది కాదు. "అడుగు కనపడందే కొత్త సీసా తియ్యొద్దు" అనేది.

అలా మిగిలిందే ఆ ఎర్ర జెల్ పాలిష్. కుంచె ఎత్తితే తుమ్మబంకలా సాగేది. మూతి చుట్టూ ఎవరెవరివో గోళ్ళ పొడి, దానికంటుకుని ఒక వెంట్రుక. థూ! "మూత బిగించి వేడినీళ్ళల్ల పెట్టు, పలచగైతది. పలచగనే పుయ్యి" అని చెప్పి అక్క బజారుకు పోయింది.

నీళ్ళు కాచడానికి నాకు బద్ధకం. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే ఏం చేస్తాం? ఎండకు పెడతాం. ఇదీ అంతేననుకుని, తొందరగా కరగాలని మూత కూడా తీసేసి పిట్టగోడ మీద పెట్టాను. ఈ జెల్ వెలుతురుకే గట్టిపడుతుంది. అందుకే గోళ్ళకు పూశాక లైటు కింద పెట్టిస్తాం. రోజూ చేసే పనే, ఆ పూట బుర్రకు తట్టలేదు. వచ్చి చూస్తే పైన తోలు కట్టి ఉంది.

అక్క తిడుతుందన్న భయంతో ఆ తోలును పుల్లతో పీకేసి, రంగు తుడిచే రిమూవర్ కాస్త పోసి గిలక్కొట్టాను. ఉండలుండలుగా, బురదలా తయారైంది.

అప్పుడే ఒక అమ్మాయి వచ్చింది. మర్నాడు బడిలో టీచరుగా చేరుతోందట. చిన్నప్పటి నుంచి ఇంట్లో జీడిగింజలు కొట్టీ కొట్టీ, ఆ రసానికి వేళ్ళన్నీ నల్లటి మచ్చలు పడ్డాయి.

"పిల్లలు నా చేతులే చూస్తరు గదక్కా. బోర్డు మీద రాసేటప్పుడు సిగ్గనిపించొద్దు, మంచిగ చెయ్యి" అంది.

కొత్త సీసా అలమారాలోనే ఉంది. నేను దాని జోలికి పోలేదు. ఉండలు కనపడకుండా మందంగా పూశాను. గోరు దాటి చర్మం మీదికి పారినా తుడవకుండానే లైటు కింద పెట్టాను.

"మండుతున్నదక్కా."

"కొంచెం గట్లనే ఉంటది" అన్నాను.

అక్క తిరిగొచ్చి ఖాళీ సీసా చూసి నన్ను మెచ్చుకుంది.

నాలుగు రోజులకు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. గోళ్ళ చుట్టూ వాచి, నీటిపొక్కులు. పాలిష్ పైన గట్టిగా, కింద పచ్చిగా ఉండి పొరలా లేచింది. ఆ సందులోంచి వచ్చిన వాసనకు ముక్కు మూసుకున్నాను. ఆ పిల్ల వేళ్ళను చూసి కాదు, నన్ను చూసుకుని అసహ్యం పుట్టింది.

"ఏందిది? ఏం పూసినవ్?" అని అక్క నా మీదికి లేచింది.

"ఈ అక్కనేమనకు. జీడి కొట్టిన చేతులు, వీటికి మంచియి పడవు. దవాఖానాల డాక్టరమ్మ అడిగినా జీడి రసమనే చెప్పిన" అంది ఆ అమ్మాయి.

అక్క నా వైపు తిరిగింది.

"అవ్, జీడి రసమే అయ్యుంటది" అన్నాను.