ఎర్ర తీగ

పొద్దున కోడలు పల్లీలు మాడ్చింది. ఆ కమురు వాసన తగలగానే నాకు మా బావ మీద కోపం మళ్ళీ లేచింది. పాపం, తన మీదే అనుకుని కోడలు గరిట కింద పెట్టేసింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, గద్వాల దగ్గరి నూనె మిల్లులో పల్లీలు వేయించే డ్రమ్ము దగ్గర నాకు పని. మా అక్క మొగుడు అక్కడే ఎలక్ట్రీషియన్. డ్రమ్ములో దూర్చిన థర్మోకపుల్ లోపలి వేడిని తీగల ద్వారా గోడమీది మీటరుకు అందిస్తుంది. ఆ అంకె చూసి నేను మంట పెంచాలి, తగ్గించాలి. బావ ఒకసారి ఆ తీగలు మార్చాడు. అప్పటినుంచి మీటరు మీద అంకెను ఉండాల్సిన చోటే ఉంచినా, గట్టు మండలం నుంచి వచ్చిన మేలురకం పల్లీలు కూడా నల్లబడి నూనె కమురు కొట్టసాగింది. మిల్లు సేటు నిలదీస్తే బావ థర్మోకపుల్‌ను బయటికి లాగి మరిగే నీళ్ళలో ముంచాడు. మీటరు సరిగ్గా నూరు చూపింది.

"మిషిన్ల ఏం తప్పు లేదు సేటూ. మా బామ్మర్దే మంట కాడ నిద్రపోతుండు" అన్నాడు, పదిమందిలో. నన్ను బస్తాలు మోయడానికి దించారు.

బస్తాలతోపాటు కక్ష కూడా మోశాను. వనపర్తిలో మీటర్లు బాగుచేసే చాచాను అడిగి సంగతి తెలుసుకున్నాను. కరెంటు పనివాళ్ళకు ఎరుపంటే ప్లస్. ఈ తీగల్లో మాత్రం ఎరుపే మైనస్. బావ రెండు కొసల్లోనూ తిరగేసి కలిపాడు, ఒక కొస తప్పును రెండో కొస తప్పు కప్పేసింది. అందుకని డ్రమ్ము పక్కన ఆ తీగలు థర్మోకపుల్‌తో కలిసే జాయింటు డబ్బా చల్లగా ఉన్నంతసేపూ లెక్క సరిపోయేది, అది కాగితే అంకె అసలు వేడికంటే తగ్గిపోయేది. నీళ్ళలో ముంచిననాడు డబ్బా చల్లగా ఉంది మరి.

ఇది బావ చెవిలో చెబితే సరిపోయేది. చెప్పలేదు. పదిమందిలో పోయిన పేరు పదిమందిలోనే రావాలి. దసరాకు ఆయుధపూజ అయ్యాక డ్రమ్మును ఒక దఫా నడపడం మా మిల్లు ఆనవాయితీ. డబ్బా బాగా కాగేదాకా ఆగి, దానిమీద తడిగుడ్డ కప్పాను. మంట పెంచకుండానే అంకె ఎక్కుతూ పోయింది.

"ఎర్ర తీగ యాడ పెట్టాల్నో మా బావనడుగు సేటూ" అన్నాను.

"ఎరుపంటే ప్లస్సే గదా" అని గొణిగాడు బావ. చాచా చెప్పినట్టు అక్కడే తీగలు తిప్పి కలిపాను. నా పని నాకు వచ్చింది. బావ నాగర్‌కర్నూల్‌లో వేరే పని వెతుక్కున్నాడు. అక్క చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎక్కడ కలిసినా అందరి ముందూ "ఎరుపంటే ఏంది బావా?" అని పొడుస్తూనే ఉన్నాను. మొదట్లో తలవంచుకునేవాడు. ఇప్పుడు నాకంటే ముందే నవ్వుతున్నాడు. కాలం ఆయన సిగ్గును తీసుకుపోయింది, నా కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసింది.